83 ఏళ్ల వయసులో పేస్‌మేకర్ పెట్టాలా, వద్దా: ఒక కేసు, దాని వెనక ఆలోచన

శ్రీకాకుళంలో జనరల్ ఫిజీషియన్‌గా ప్రాక్టీస్ చేస్తున్నాను. పేస్‌మేకర్ (గుండె నెమ్మదించినప్పుడు సంకేతమిచ్చి కొట్టించే పరికరం) అమర్చేది కార్డియాలజిస్టు. అయినా పెట్టించాలా వద్దా అన్న చర్చ చాలాసార్లు నా గదిలోనే జరుగుతుంది. నాడి నెమ్మదించిందని మొదట కనిపెట్టేది మాలాంటివాళ్లమే. వైజాగ్ వెళ్లి పెద్ద డాక్టరుకి చూపించుకున్నాక "మీరేమంటారు?" అని తిరిగి వచ్చి అడిగేదీ మమ్మల్నే. ఆ అడగడంలో ఎప్పుడూ ఉండే మాట ఒకటుంది: "ఈ వయసులో అవసరమంటారా?"

వయసు ఒక్కటే చూసి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. పేషెంటు బాధల్లో పేస్‌మేకర్ తగ్గించగలిగేది ఏది, తగ్గాలని ఆ మనిషి కోరుకుంటున్నది ఏది, ఈ రెండూ ఒకటేనా అన్నది చూడాలి. అది ఎలా తేల్చుకున్నామో ఈ కేసులో దశలవారీగా కనబడుతుంది కాబట్టి రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

పేషెంటు 83 ఏళ్ల పెద్దావిడ. ఉద్దానంలో ఒక పల్లె. జీడి, కొబ్బరి తోటలున్న రైతు కుటుంబం. పెద్దకొడుకు, కోడలు ఆమెతోనే ఉంటారు. చిన్నకొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం. భర్త కిడ్నీ జబ్బుతో కొన్నేళ్ల కిందట చనిపోయారు. చివరి రోజుల్లో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్లేవారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని ఆ కిడ్నీ జబ్బు అక్కడ చాలా ఇళ్లలో ఉంది. ఈ ఇంట్లో భర్త డయాలసిస్ అనుభవం తర్వాత పేస్‌మేకర్ నిర్ణయాన్ని చాలా ప్రభావితం చేసింది కాబట్టే ముందే చెబుతున్నాను.

ఆవిడ కిడ్నీలు కూడా అంతంత మాత్రమే. క్రియాటినిన్ (కిడ్నీల పని తగ్గేకొద్దీ రక్తంలో పెరిగేది) ఏడాదిగా 2.1 దగ్గర ఉంటోంది. బీపీకి అటెనోలాల్, టెల్మిసార్టాన్ వాడుతున్నారు. రెండు కళ్లలో గ్లకోమాకి చుక్కల మందు వేస్తున్నారు. షుగర్ లేదు. మతిమరుపు కాస్త ఉంది, కానీ మనుషుల్ని గుర్తుపడతారు, డబ్బు లెక్క తెలుసు, తోటలో ఎవరు పనికి వచ్చారో రానివాళ్లెవరో చెప్పగలరు.

వచ్చిన సమస్య

"కళ్లు తిరిగి పడిపోతోంది, నీరసం" అని తీసుకొచ్చారు. రెండు మూడు నెలలుగా పగలంతా మగత. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు సెలైన్ పెట్టి, బలానికని ఇంజెక్షన్లు ఇచ్చారు. నీరసమని ఇంట్లోవాళ్లు రోజూ కొబ్బరినీళ్లు పట్టారు. ఉద్దానంలో నీరసానికి ఎవరైనా మొదట ఇచ్చేది అదే.

నాడి 34. బీపీ 160/60. పిలిస్తే పలుకుతున్నారు కానీ మాట పూర్తికాకుండానే కళ్లు మూతలు పడుతున్నాయి. ఈసీజీలో గుండె పై గదులు నిమిషానికి 80కి పైగా కొట్టుకుంటున్నాయి, కింది గదులు వాటితో సంబంధం లేకుండా 34. అంటే పూర్తి హార్ట్ బ్లాక్. పై నుంచి కిందికి కబురు వెళ్లడం లేదు, కింది గదులు తమంతట తాము ఎలాగో నెట్టుకొస్తున్నాయి.

చిన్నకొడుకు ఫోన్‌లో, "ఖర్చు గురించి ఆలోచించకండి సార్, ఈ రోజే పేస్‌మేకర్ పెట్టించేద్దాం" అన్నాడు. పెద్దకొడుకు నా ఎదురుగా కూర్చుని, "ఎనబై దాటిపోనాయి డాక్టరు గారూ, ఇంక కోతలు అవసరమా?" అన్నాడు. ఇద్దరికీ ఒకే మాట చెప్పాను: ఈ రోజు నిర్ణయం తీసుకోవద్దు.

అలా అనడానికి కారణం ఆవిడ వాడుతున్న మందుల సంచి. అటెనోలాల్ గుండె వేగాన్ని తగ్గించే మందు, పైగా అది ఒంట్లోంచి పోవాల్సింది కిడ్నీల ద్వారా. కిడ్నీలు మందగిస్తే మందు పేరుకుపోతుంది. మందుల చీటీలో లేనిది కంటి చుక్కలు. అవి ఇంట్లోనే ఉండిపోయాయి. కోడలితో సీసా ఫోటో తెప్పించి చూస్తే టిమోలాల్. ఇదీ అటెనోలాల్ జాతి మందే. కంట్లో వేసిన చుక్క కన్నీటి నాళం గుండా ముక్కులోకి దిగి, అక్కడి పొర నుంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. నాడి నెమ్మదించిన ప్రతి పెద్దవయసు మనిషి విషయంలోనూ "కళ్లలో ఏమైనా వేస్తున్నారా?" అని విడిగా అడగాలి. అడగకపోతే ఎవరూ చెప్పరు, ఎందుకంటే కంటి చుక్కలకీ గుండెకీ సంబంధం ఉంటుందని ఎవరికీ తోచదు.

రక్తపరీక్షలో పొటాషియం 6.3, క్రియాటినిన్ 2.8. ఇక లెక్క అర్థమైంది. కిడ్నీలు ఇంకాస్త తగ్గాయి, అటెనోలాల్ పేరుకుంది, టెల్మిసార్టాన్ పొటాషియాన్ని పెంచింది, దాని మీద కొబ్బరినీళ్లలోని పొటాషియం చేరింది. పొటాషియం పెరిగితే గుండె ఇంకా నెమ్మదిస్తుంది, నెమ్మదిస్తే కిడ్నీలకు రక్తం తగ్గుతుంది, దాంతో పొటాషియం మళ్లీ పెరుగుతుంది. ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయే చక్రం ఇది. ఈ స్థితిలో వెంటనే పేస్‌మేకర్ పెడితే, మందులతో సర్దుకునే అవకాశం ఉందో లేదో తెలియకుండానే జీవితాంతం ఉండే పరికరం పెట్టినట్టవుతుంది.

మొదటి ప్రయత్నం: కారణాలు తీసేసి చూడటం

అటెనోలాల్, టెల్మిసార్టాన్, టిమోలాల్ ఆపేశాం. పొటాషియం దెబ్బ నుంచి గుండెను కాపాడటానికి ఈసీజీ చూస్తూ కాల్షియం గ్లూకోనేట్ నరంలోకి, ఆ తర్వాత పొటాషియం దించడానికి డెక్స్‌ట్రోజ్‌తో ఇన్సులిన్, సాల్బుటమాల్ నెబ్యులైజేషన్. నాడిని పెంచే అట్రోపిన్ ఇచ్చాం కానీ నాడిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అడ్డంకి కింది స్థాయిలో ఉంటే అట్రోపిన్ పెద్దగా పనిచేయదు. పని చేయకపోవడం కూడా ఒక సమాచారమే అని రాసుకున్నాను.

మెడ నరం గుండా తాత్కాలిక పేసింగ్ వైరు వేయాలా అన్నది అప్పుడు తీసుకోవాల్సిన నిర్ణయం. వేయలేదు. బీపీ బాగుంది, స్పృహ ఉంది, మూత్రం వస్తోంది. పెద్దవయసులో ఆ వైరుకి దాని ప్రమాదాలు దానికున్నాయి. పలచబడ్డ గుండె గోడకి గుచ్చుకోవచ్చు, ఇన్‌ఫెక్షన్ రావచ్చు, ఆ ఇన్‌ఫెక్షన్ తర్వాత పెట్టాల్సిన శాశ్వత పేస్‌మేకర్‌కి కూడా చుట్టుకోవచ్చు. ఛాతీకి అంటించే పేసింగ్ ప్యాడ్లు సిద్ధంగా పెట్టుకుని, మానిటర్ దగ్గర నర్సుని కూర్చోబెట్టి ఎదురుచూశాం. విశాఖలోని కార్డియాలజిస్టుకి ఈసీజీలు వాట్సాప్‌లో పంపుతూనే ఉన్నాను.

మర్నాటికి పొటాషియం 5.4, నాడి 48. ఇంకో రెండు రోజులకు నాడి 62, పై గదుల ప్రతి కబురూ కిందికి చేరుతోంది. ఆవిడ లేచి కూర్చుని, కోడలు జడ సరిగా వేయలేదని అన్నారు. పెద్దకొడుకు ముఖం తేలికపడింది. "అయితే మిషన్ అక్కర్లేదన్నమాట" అన్నాడు.

నేను అంత తేలిగ్గా తీసుకోలేదు. కారణం ఈసీజీలోనే ఉంది. కింది గదులకు కబురు మోసే దారుల్లో కుడివైపుది మూసుకుపోయి ఉంది, ఎడమవైపు రెండు పాయల్లో ఒకటి కూడా మూసుకుపోయి ఉంది, పై నుంచి కిందికి చేరడానికి పట్టే సమయం మామూలు కంటే ఎక్కువ. మందులు ఒంట్లోంచి పోయాక కూడా ఇవి పోలేదు. ఎకోలో గుండె బలం బాగుంది, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 58 శాతం, కానీ అయోర్టిక్ కవాటం దగ్గర సున్నం పేరుకుంది. కబురు మోసే తీగలు దాని పక్కనుంచే వెళ్తాయి. థైరాయిడ్ మామూలుగానే ఉంది. మందుల వల్ల వచ్చిన హార్ట్ బ్లాక్ మందులు ఆపగానే పోయినా, కొంతకాలానికి చాలామందిలో తిరిగి వస్తుందని వైద్యంలో తెలిసిన విషయం. అప్పటికే పాడవుతున్న తీగల సంగతి మందు ముందుగా బయటపెడుతుంది.

అందుకని కుటుంబానికి ఇలా చెప్పాను: ఇప్పటికి అవసరం లేదు, రాబోయే నెలల్లో అవసరం రావచ్చు, ఆ లోపు మనం చేయాల్సిన పని ఉంది.

ఫలించనివి

ఒకరోజంతా గుండె లయను రికార్డు చేసే హోల్టర్ పెట్టాం. ఏమీ దొరకలేదు. 24 గంటల రికార్డింగ్ శుభ్రంగా ఉందంటే ఆ 24 గంటల్లో ఏమీ జరగలేదని మాత్రమే అర్థం. నెలకు ఒకసారి వచ్చే స్పృహ తప్పడం ఆ రోజే రావాలని లేదు. ఇంకా ఎక్కువ రోజులు రికార్డు చేసే పరికరాలున్నాయి కానీ ఖర్చు, ప్రయాణం చూసుకుని వాళ్లు వద్దన్నారు, నేనూ పట్టుబట్టలేదు.

రెండోది మాత్రలు. నాడి నెమ్మదిగా ఉన్న బంధువు ఒకాయన వాడుతున్న థియోఫిలిన్ మాత్రలు తెచ్చి, నాకు చెప్పకుండా కొన్నాళ్లు వేశారు. ఆవిడకు నిద్రపట్టలేదు, వాంతులు, చేతులు వణికాయి. ఆపించాను. ఆ మందు పై గదుల్లోని లయ కేంద్రాన్ని తొందరపెడుతుంది. ఈవిడకు జబ్బు ఆ కేంద్రంలో లేదు, కింది దారిలో ఉంది. పెద్దకొడుకుకి వాళ్ల బోరు మోటారుతో చెప్పాను: మోటారు బాగుంది, కరెంటూ ఉంది, మధ్యలో వైరు తెగుతోంది, వోల్టేజి పెంచినంత మాత్రాన నీళ్లు రావు. ఆ తర్వాత మాత్రల ఊసు ఎత్తలేదు.

ఏ పడటం గుండెది, ఏది కాదు

ఈ కేసులో నేను ఎక్కువ సమయం పెట్టింది ఇక్కడే. అందరూ "పడిపోతోంది" అంటున్నారు. కానీ పడటాలన్నీ ఒకటి కాదు. కోడలిని విడిగా కూర్చోబెట్టి ఒక్కోసారి ఏం జరిగిందో అడిగాను. పడేముందు ఏం చేస్తున్నారు? నిలబడ్డారా, కూర్చున్నారా? పిలిస్తే పలికారా? ముఖం రంగు ఎలా ఉంది? లేచాక తేరుకోవడానికి ఎంతసేపు పట్టింది?

మూడు రకాలు బయటపడ్డాయి. మంచం మీద నుంచి గబుక్కున లేచినప్పుడు తూలడం ఒకటి. పడుకున్నప్పుడు 150 ఉన్న పై బీపీ నిలబడగానే 120కి దిగుతోంది, అది గుండె లయ సమస్య కాదు. రాత్రి చీకట్లో గడప తన్నుకుని పడటం ఇంకొకటి. అక్కడ తప్పు కళ్లది, మోకాళ్లది. మూడోది ఒక్కసారే జరిగింది: అరుగు మీద కూర్చుని ఉండగా మాట మధ్యలో ఆగిపోయి, ముఖం పాలిపోయి పక్కకు ఒరిగిపోయారు, అరనిమిషంలో తేరుకుని "ఏటైంది?" అన్నారు. పేస్‌మేకర్ మార్చగలిగేది ఈ మూడోదాన్నే.

దీన్ని ముందే విడదీసి చెప్పకపోతే పరికరం పెట్టాక మొదటిసారి గడప తన్నుకుని పడగానే "అన్ని రోజులు తిరిగాం, ఏం లాభం?" అంటారు. ఆ మాట అనే హక్కు వాళ్లకు ఉంటుంది కూడా.

ఇంటికి పంపేటప్పుడు కోడలికి ఒక పని అప్పగించాను. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సిమీటర్ వాళ్లింట్లో ఉంది. అందులో ఆక్సిజన్ అంకె పక్కన నాడి అంకె కూడా వస్తుంది. రోజూ ఉదయం ఒకసారి, ఒంట్లో తేడా అనిపించిన ప్రతిసారీ అది పెట్టి రాసుకోమన్నాను. గ్లకోమాకి టిమోలాల్ బదులు లేటానోప్రాస్ట్ చుక్కలు కంటి డాక్టరు రాశారు. బీపీకి నాడిని తగ్గించని ఆమ్లోడిపిన్. కొబ్బరినీళ్లు బంద్. ఆ చివరిది మాత్రం ఆవిడకు నచ్చలేదు.

ఆవిడతో మాట

నాడి బాగున్న ఈ రోజుల్లోనే నిర్ణయం గురించి మాట్లాడాలని అనుకున్నాను. నాడి 34 ఉన్నప్పుడు మెదడుకు రక్తం చాలదు. అప్పుడు అడిగితే వచ్చే జవాబు ఆవిడది కాదు. 108లో తీసుకెళ్తున్నప్పుడు కొడుకులు చెప్పే జవాబూ ఆవిడది కాదు.

మొదటి జవాబు సూటిగా వచ్చింది: "వొద్దు బాబూ. ముసలాయన్ని మిషన్‌కి కట్టీసినారు. నన్నూ అలాగే కట్టీస్తారేటి?"

ఆ "వొద్దు"ని అలాగే రాసుకుని ఊరుకోవచ్చు. కానీ ఆవిడ వద్దంటున్నది దేన్ని? కళ్ల ముందు చూసిన డయాలసిస్‌ని: తెల్లవారకముందే బయల్దేరడం, గంటల తరబడి మంచం మీద సూదులతో పడుకోవడం, తిరిగొచ్చాక ఒక పూటంతా లేవలేకపోవడం, ఒకరి పని మానిపించి తోడు తీసుకెళ్లడం. పేస్‌మేకర్ కూడా అలాంటిదే అనుకున్నారు. అది చర్మం కింద పెట్టే చిన్న డబ్బా అని, పెట్టేటప్పుడు మత్తు ఆ చోటికి మాత్రమే ఇస్తారని, సుమారు గంట పని అని, గాయం మానాక ఏడాదికి ఒకటి రెండుసార్లు చూపించుకుంటే చాలని చెప్పాను. ఇంకో పేషెంటు ఒకావిడ ఆ రోజు ఓపీలో ఉంటే, ఆమె ఒప్పుకుని తన భుజం కింద డబ్బా ఉన్నచోటు తడిమి చూడనిచ్చింది. నా మాటలకంటే అదే ఎక్కువ పనిచేసింది.

తర్వాత వచ్చిన భయం: "అది ఉంటే పేణం పోదట కదా? మంచం మీద పడిపోనాక కూడా కొట్టుకుంటానే ఉంటాదట."

ఇది చాలామందికి ఉన్న భయం, పైకి అనేవాళ్లు తక్కువ. పేస్‌మేకర్ చేసేది సంకేతం ఇవ్వడం ఒక్కటే. మిగతా అవయవాలు ఆగిపోయి గుండె కండరం స్పందించడం మానేశాక ఆ సంకేతం వెళ్లినా గుండె కొట్టుకోదు. 1958లో స్వీడన్‌లో ప్రపంచంలో మొట్టమొదటిగా ఒంట్లో పేస్‌మేకర్ అమర్చుకున్న ఆర్నె లార్సన్ ఆ తర్వాత ఇరవైకి పైగా పరికరాలు మార్చుకుంటూ 2001 దాకా బతికారు, చివరికి పోయింది క్యాన్సర్‌తో. పేస్‌మేకర్ ఆ చావుని ఆపలేదు. ఇది చెప్పి, చివరి దశలో కావాలంటే కంప్యూటర్‌తో దాని పని తగ్గించే వీలు కూడా ఉందని చెప్పాను.

కాసేపాగి, "కాల్చేటప్పుడు పేలిపోద్దా?" అన్నారు. పెద్దకొడుకు "అమ్మా, ఏటా మాటలు" అని ఆపబోయాడు. ఆపొద్దన్నాను, అది సరైన ప్రశ్న. బ్యాటరీ వేడికి పేలే ప్రమాదం నిజమే. అందుకే దహనానికి ముందు చిన్న కోత పెట్టి తీసేస్తారు. ఈ సంగతి కుటుంబంలో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి, డాక్టరుకి ఫోన్ చేస్తే ఏర్పాటు చేస్తారు అని కొడుకు వైపు తిరిగి చెప్పాను.

అప్పుడు నేను అడిగాను: "అమ్మా, ఇక మీదట మీకు ఏది జరగాలి, ఏది జరగకూడదు?"

ఆలోచించుకునే పని లేనట్టు చెప్పారు: "ఎవులి సాయం నేకుండా పెరట్లోకెళ్లి రావాల. పడి ఎముక ఇరిగి, మంచం మీద కోడలి చేత చేయించుకోడం నా వల్ల కాదు."

నిర్ణయం నా దృష్టిలో ఇక్కడే తేలింది. ఆవిడకు ఎక్కువ కాలం బతకాలని పట్టింపు లేదు. పడకూడదన్నదే పట్టింపు. కూర్చున్నచోటే స్పృహ తప్పి పడటాన్ని ఆపగలిగేది పేస్‌మేకర్ ఒక్కటే. చిన్నకొడుకు "అన్నీ చేయించాలి" అంటున్నాడు, పెద్దకొడుకు "ఏమీ వద్దు" అంటున్నాడు. ఆ రెండు మాటలూ చికిత్సలన్నిటినీ ఒకే మూటగా కట్టేస్తున్నాయి. మూట విప్పి ఒక్కొక్కటే అడిగాం. డయాలసిస్? వద్దు. గొంతులో గొట్టం పెట్టి వెంటిలేటర్? వద్దు. మళ్లీ గుండె నెమ్మదించి స్పృహ తప్పితే పేస్‌మేకర్? "పడిపోడం తగ్గుతాదంటే ఎయ్యండి."

చెప్పింది అర్థమైందో లేదో చూడటానికి ఆవిడ మాటల్లోనే నాకు తిరిగి చెప్పమన్నాను. "గుండెకి కబురు అందనప్పుడు ఆ డబ్బా తడతాది. మోకాళ్ల నొప్పి తగ్గదు, మతిమరుపూ తగ్గదు." మతిమరుపు ఉన్నవాళ్లు నిర్ణయం చెప్పలేరని అనుకోవడం తప్పు. కేస్‌షీట్‌లో ఆవిడ మాటలు అలాగే రాసి, కొడుకులిద్దరికీ చదివి వినిపించాను, చిన్నకొడుక్కి ఫోన్‌లో.

బ్లాక్ తిరిగి వచ్చినప్పుడు

రెండు నెలల లోపే జరిగింది. కూరగాయలు తరుగుతూ కూర్చున్నావిడ ఒరిగిపోయారు. కోడలు వేలికి ఆక్సిమీటర్ పెట్టింది: 31. పాత అంకెల కాగితంతో సహా 108లో తీసుకొచ్చారు. ఈసీజీలో మళ్లీ పూర్తి బ్లాక్. ఈసారి పొటాషియం 4.6. నాడిని తగ్గించే మందు ఒక్కటీ ఒంట్లో లేదు. సర్దడానికి మిగిలిన కారణం ఏదీ లేదు.

మార్గదర్శకాలూ ఇక్కడ స్పష్టంగానే ఉన్నాయి. సర్దగలిగే కారణం లేని పూర్తి బ్లాక్‌కి శాశ్వత పేసింగ్ సిఫారసు చేస్తారు, వయసుకి పై పరిమితి పెట్టలేదు. పేషెంటు కోరిక అందుకు విరుద్ధంగా ఉన్నా, ఇతర జబ్బుల వల్ల అర్థవంతమైన మేలు జరిగే అవకాశం లేకున్నా పెట్టవద్దనీ అవే చెబుతాయి. పేస్‌మేకర్లు లేని రోజుల్లో ఇలా స్పృహ తప్పే దశకు వచ్చినవాళ్లలో సుమారు సగం మంది ఏడాది తిరగకుండానే పోయేవారు.

గదిలో వాదన జరగలేదు. పెద్దకొడుకే, "అమ్మ సెప్పింది కదా, ఎల్దాం" అన్నాడు. ప్యాడ్లు అంటించి, నాడిని నిలబెట్టే డోపమైన్ డ్రిప్‌తో నర్సుని తోడిచ్చి విశాఖ పంపాం. ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ కింద సరిపోయింది. ఆసుపత్రిలో వైద్యమిత్ర దగ్గర కాగితాలు, ముందస్తు అనుమతి పని చిన్నకొడుకు హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చి చూసుకున్నాడు.

ఏ పేస్‌మేకర్, ఏ వైపు

కార్డియాలజిస్టుతో ఫోన్‌లో రెండు విషయాలు మాట్లాడుకున్నాం. ఒకటి, ఒక వైరుదా రెండు వైర్లదా. పై గదులు సక్రమంగా పనిచేస్తున్నప్పుడు పై గదికీ కింది గదికీ చెరో వైరు ఉన్న పరికరం సహజ లయకు దగ్గరగా ఉంటుంది. ఒక వైరుతో కొందరికి మెడలో అదురు, ఆయాసం వస్తాయి. కానీ రెండో వైరుతో ఆపరేషన్ సమయం పెరుగుతుంది, వైరు జారే అవకాశం పెరుగుతుంది. 70 ఏళ్లు, ఆపైన ఉండి తీవ్రమైన బ్లాక్ ఉన్న 2,021 మంది మీద బ్రిటన్‌లో జరిగిన యూకేపేస్ అధ్యయనం 2005లో వెలువడింది. మొదటి ఐదేళ్లలో మరణాల విషయంలో రెండు రకాలకీ తేడా కనబడలేదు. ఈవిడ బలహీనత, కిడ్నీలు, కోరుకున్నది చూసి ఒక వైరుది సరిపోతుందనుకున్నాం. చురుగ్గా తిరిగే 70 ఏళ్ల మనిషి అయితే నేను రెండు వైర్లదే అడిగేవాణ్ని.

రెండోది, ఉద్దానం పేషెంట్ల విషయంలో మర్చిపోకూడనిది. కాలర్ ఎముక కింది నరం గుండా వైరు వేస్తే ఏళ్లు గడిచేకొద్దీ ఆ నరం ఇరుకు కావచ్చు. డయాలసిస్ అవసరం పడేవాళ్లకు ఆ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలను కలిపే అమరిక) పెడితే ఇబ్బంది. అందుకే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి పేస్‌మేకర్ ఏ వైపు పెట్టాలో ముందే ఆలోచించాలి. వైరు లేకుండా నేరుగా గుండెలో పెట్టే పరికరాలూ వచ్చాయి కానీ వాటి ధర ఈ కుటుంబానికి అందేది కాదు. ఆవిడ డయాలసిస్ వద్దన్నారు కాబట్టి మామూలుగా పెట్టే ఎడమవైపే పెట్టారు. మనసు మారితే కుడి చేయి మిగిలే ఉంటుంది. కిడ్నీల దృష్ట్యా కాంట్రాస్ట్ డై వాడకుండా, చిన్న కోతతో నరం బయటికి తీసి వైరు వేశారు.

తర్వాత

మర్నాడు ఎక్స్‌రేలో ఊపిరితిత్తి బాగుంది, వైరు కదలలేదు. నాడి నిమిషానికి 60కి తగ్గకుండా పెట్టారు. ఎడమ చేయి కొన్ని వారాలు భుజం పైకి ఎత్తవద్దన్నాం, అలాగని చేతిని కట్టేసినట్టు ఉంచవద్దనీ చెప్పాం, భుజం బిగుసుకుపోతుంది. ఫోన్ జాకెట్టులో ఎడమవైపు దోపుకోవద్దన్నాం. మిక్సీ, టీవీ, ఫ్యాన్ గురించి భయం అక్కర్లేదు.

కూర్చున్నచోట స్పృహ తప్పడం మళ్లీ రాలేదు. పగటి మగత పోయింది. మతిమరుపు అలాగే ఉంది. అమర్చిన కొన్నాళ్లకు రాత్రి మూత్రానికి లేచి పడ్డారు. పెద్దకొడుకు కంగారుగా ఫోన్ చేశాడు, కానీ "పేస్‌మేకర్ పాడైందా?" అని అడగలేదు, "ఇది ఆ రెండో రకమా డాక్టరు గారూ?" అన్నాడు. పరికరం పరీక్షిస్తే బాగానే ఉంది. నిలబడ్డప్పుడు బీపీ 30 పడిపోతోంది. ఆమ్లోడిపిన్ సగానికి తగ్గించాం, మంచం పక్కన పట్టుకోవడానికి రాడ్డు, రాత్రికి కమోడ్ కుర్చీ పెట్టించాం. ఆవిడ కోరుకున్నది జరగడంలో ఈ రాడ్డు పాత్ర పేస్‌మేకర్ పాత్ర కంటే తక్కువేమీ కాదు.

ఇవే ప్రశ్నలు ఇంకోచోట వేరే జవాబు ఇస్తాయి. 80 ఏళ్ల రిటైర్డ్ మాస్టారికి హెల్త్ చెకప్‌లో నాడి 46 వచ్చిందని పిల్లలు టెన్షన్‌తో తీసుకొచ్చారు. ఆయనకు కళ్లు తిరగవు, ఆయాసం రాదు. వరండాలో నడిపిస్తే నాడి 90 దాకా పెరిగింది. ఈసీజీలో ఎక్కడా బ్లాక్ లేదు. పేస్‌మేకర్ అక్కర్లేదని చెప్పి పంపాను. ఇంకొకరు, తీవ్రమైన మతిమరుపుతో చాలాకాలంగా మంచం పట్టిన పెద్దావిడ. నాడి 38. ఆవిడ బాధల్లో నాడి వల్ల వచ్చినది ఏదీ మాకు కనబడలేదు. బాగున్న రోజుల్లో ఆవిడ ఏమనేవారో కూతుళ్లు చెప్పారు, దాని ప్రకారం వద్దనుకున్నాం. ఈ ముగ్గురిలో ఎవరి విషయంలోనూ జవాబు ఇచ్చింది వయసు కాదు, నాడి అంకె కూడా కాదు.

మా పెద్దావిడకు కింది గదులు దాదాపు పూర్తిగా పేస్‌మేకర్ మీదే కొట్టుకుంటున్నాయి. అలాంటివాళ్లలో కొందరికి ఏళ్లు గడిచేకొద్దీ గుండె బలం తగ్గుతుంది కాబట్టి ఏడాదికొకసారి ఎకో చేయిస్తున్నాం. బ్యాటరీ ఎనిమిది, పదేళ్లు రావచ్చు. అప్పుడు మార్చాలా అన్నది అప్పుడు మళ్లీ అడగాల్సిన ప్రశ్న, ఇప్పటి "సరే" దానికి వర్తించదు. క్రియాటినిన్ మెల్లగా పెరుగుతోంది, ఇప్పుడు 2.5. వచ్చిన ప్రతిసారీ డయాలసిస్ సంగతి అడుగుతాను, ఎందుకంటే వద్దన్నవాళ్లు మనసు మార్చుకోవడం చూశాను. ఇప్పటిదాకా ఆవిడ జవాబు మారలేదు.